మా ఇంటి దూది

పిల్లలూ, "కుక్క తోక వంకర" అనే సామెత మీరు వినే ఉంటారు. ఎంత చెప్పినా మారని మనిషిని గురించి పెద్దలు ఆ మాట అంటారు. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసిన నేను కూడా, చెప్పిన మాట వినని పిల్లలను ఆ సామెతతోనే మందలించేవాణ్ణి. కాని తోక ఎంత వంకర తిరిగి ఉంటే అంత మేలైనదని అనిపించుకునే కుక్క ఒకటున్నదని నాకు అరవై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. ఆ సంగతి తెలియజెప్పినది మా ఇంటి దూది.

మాది చిలకలూరిపేటకు దగ్గరగా ఉన్న ఒక పల్లె. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు కలిసే చోటు. మాకు పత్తి, మిరప తప్ప వేరే లోకం తెలియదు. మాఘమాసం వచ్చేసరికి ఒక పక్క పత్తి చేలు తెల్లగా, మరొక పక్క మిరప కల్లాలు ఎర్రగా కనబడతాయి. ఇటువంటి ఊళ్లో కుక్క అంటే కాపలా కుక్కే. పగలు రైతు వెంట చేనికి నడుస్తుంది. రాత్రి కల్లంలో మిరప రాశి పక్కన పడుకుంటుంది. గడప అవతల పెట్టిన అన్నం తింటుంది. కుక్కను గడప లోపలికి రానిచ్చే అలవాటు మా ఇంట్లో మూడు తరాలుగా లేదు. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో బడి ఆవరణలోకి కుక్క వస్తే, గంట కొట్టే అతన్ని కేకవేసి తరిమించేవాణ్ణి.

2018లో నేను ఉద్యోగ విరమణ చేశాను. మరుసటి ఏడు సంక్రాంతి వెళ్లిన వారానికి, గుంటూరులో కాపురముంటున్న నా పాత విద్యార్థి ఒకడు మోటారు సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. ముందు ఒక ప్లాస్టిక్ బుట్ట. బుట్టలో తెల్లగా ఏదో ఉన్నది. పత్తి మూట కాబోలు అనుకున్నాను. అంతలో ఆ మూటకు రెండు నల్లని కళ్లు, ఒక నల్లని ముక్కు కనిపించాయి.

"మాస్టారూ, మీకు ఎరిగున్న వాళ్లెవరికన్నా ఇది కావాలంటే ఇచ్చేయండి. లేకపోతే పోయేటప్పుడు మిర్చి యార్డు దగ్గర వదిలేసి పోతాను," అన్నాడు.

"ఎందుకురా, ఏం చేసిందది?" అని అడిగాను.

"మోసపోయానండీ! నలభై రోజుల పిల్లప్పుడు పొమరేనియన్ అని చెప్పి అంటగట్టారు. ఒళ్లో ఇమిడేంత ఉంటుందన్నారు. ఏడు నెలలకే ఇంత అయింది. తెలిసినవాళ్లంతా చూసి ఇది అసలు పొమరేనియనే కాదు పొమ్మన్నారు. దానికి తోడు మేం హైదరాబాదు వెళ్లిపోతున్నాం. అక్కడ మా ఫ్లాటులో కుక్కను ఉంచుకోనివ్వరట," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల మా మనుమరాలు బుట్టలో చేయి పెట్టింది. అప్పుడది మూడో తరగతి చదువుతున్నది. "తాతయ్యా, ఇది దూది! మన పత్తి లాగే ఉంది!" అన్నది. పేరు పెట్టిన తరువాత వదిలించుకోవడం ఎంత కష్టమో పెద్దలకు తెలుసు. "సరే, ఎవరైనా అడిగేదాకా ఉండనీ," అన్నాను. ఆ కుర్రవాడు బుట్ట దించి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. దూది మాత్రం మోటారు సైకిలు చప్పుడు వినబడినంత సేపూ వీధి గుమ్మం దగ్గర నిలబడి చెవులు నిక్కించి వింటూనే ఉన్నది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గుమ్మం వదలలేదు.

పడుకోబోయే ముందు మనుమరాలు నా మంచం దగ్గరికి వచ్చి అడిగింది. "తాతయ్యా, దూది పొమరేనియన్ కాదని తెలిస్తే మనం కూడా వదిలేస్తామా?"

ఎన్ని వేల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణో, ఆ ప్రశ్నకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తెలియనిదాన్ని తెలుసుకుని చెప్పడం బడిపంతులు ధర్మం. కాబట్టి మరునాటి నుంచి నేను విద్యార్థినై దూదిని పాఠంగా చదవటం మొదలుపెట్టాను.

ఏ జీవిని గురించి తెలుసుకోవాలన్నా మొదటి పని, దాన్ని తీరుబడిగా చూడటం. మీరు కూడా నాతో బాటు చూడండి. దూది ముఖం నక్క ముఖంలాగా కోసుగా ఉంటుంది. చెవులు చిన్నవి, ముక్కోణంగా నిలబడి ఉంటాయి. కళ్లు, ముక్కు, పెదవుల అంచు కాటుక పెట్టినట్లు నల్లన. మెడ చుట్టూ బొచ్చు ఎత్తుగా, సింహం జూలులాగా ఉంటుంది. తోక వెనకకు వేలాడదు. పైకి లేచి, వంకర తిరిగి, వీపు మీద విసనకర్రలాగా పరచుకుంటుంది. సామెతలో తప్పుగా చెప్పుకున్న వంకరే ఇక్కడ వంశ లక్షణం!

వేళ్లతో బొచ్చు పాయ తీసి చూస్తే మరొక విశేషం కనబడుతుంది. దానికి ఉన్నది ఒక బొచ్చు కాదు, రెండు. పైన పొడుగ్గా, కాస్త బిరుసుగా ఉండే వెంట్రుకలు. వాటి అడుగున, పత్తిగింజను అంటిపెట్టుకున్న నూగులాగా, మెత్తగా ఒత్తుగా మరొక పొర. పై పొర వాననూ ఎండనూ అడ్డుకుంటుంది. లోపలి నూగు గాలిని పట్టి ఉంచి చలిని రానివ్వదు. ఇది చలిదేశపు వేషమని ఎవరికైనా తోస్తుంది. నిజమే. ఈ రూపం గల కుక్కలన్నిటినీ కలిపి స్పిట్జ్ జాతులంటారు. స్పిట్జ్ అనేది జర్మను మాట. కోసుగా ఉన్నది అని అర్థం. మంచు నేలల మీద బండ్లు లాగే కుక్కలూ, ఉత్తర దేశాలలో గొర్రెలు కాసే కుక్కలూ ఈ వంశానికి బంధువులే.

ఇక పొమరేనియన్ అనే పేరు ఎక్కడిది? ఐరోపాలో బాల్టిక్ సముద్రానికి దక్షిణపు ఒడ్డున పొమరేనియా అనే ప్రాంతం ఉన్నది. ఇప్పుడందులో కొంత పోలెండు దేశంలోనూ, కొంత జర్మనీలోనూ ఉన్నది. ఆ వైపునుంచి వచ్చిన కుక్కలు కనుక ఇంగ్లండులో వాటికి ఆ పేరు పడింది. 1761లో జర్మను దేశపు రాకుమారి షార్లెట్, ఇంగ్లండు రాజు మూడవ జార్జిని పెళ్లాడి రాణి అయినది. ఆమె ఈ కుక్కలను తన కొలువులో పెంచుకున్నది. రాణి పెంచితే మిగిలినవారు ఊరుకుంటారా? గొప్పవారి ఇళ్లలోకి ఈ కుక్కలు వచ్చాయి. గెయిన్స్‌బరో అనే పేరుపొందిన చిత్రకారుడు 1777 ప్రాంతంలో ఒక పొమరేనియన్‌నూ దాని పిల్లనూ బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. అందులోనిది ఒళ్లో పట్టే కుక్క కాదు. ఈనాటి చిట్టి పొమరేనియన్ల పక్కన నిలబెడితే అది తాత తరం అనిపిస్తుంది.

మరి అంత కుక్క ఇంత ఎట్లా అయింది? దానికి మరొక రాణి కథ ఉన్నది. షార్లెట్ మనుమరాలు విక్టోరియా రాణి 1888లో ఇటలీ దేశంలోని ఫ్లారెన్సు నగరానికి వెళ్లింది. అక్కడ ఆమెకు మార్కో అనే చిన్న పొమరేనియన్ దొరికింది. దాని బరువు సుమారు 12 పౌన్లు, అనగా ఐదున్నర కిలోలు. రాణికి అది ప్రాణమైపోయింది. ఆమె తన కుక్కలను ప్రదర్శనలకు కూడా పంపించేది. అంతటితో చిన్న కుక్కకు గిరాకీ పెరిగింది. 1901 జనవరిలో రాణి అంత్యదశలో ఉన్నప్పుడు, ట్యూరీ అనే తన పొమరేనియన్‌ను తెచ్చి మంచం మీద పడుకోబెట్టమన్నదట. లోకంలో ఎంతో భాగాన్ని ఏలిన మనిషికి ఆఖరి ఘడియలో తోడుగా కావలసి వచ్చినది ఒక కుక్క!

గిరాకీ ఉన్న చోట పెంపకందారులు ఏం చేస్తారో మన మిరప రైతు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. చేనులో బాగా కాసిన చెట్టును చూసి, దాని కాయలను విత్తనానికి వేరుగా ఉంచుతాడు రైతు. ప్రతి ఏడూ అట్లాగే ఎంచుకుంటూ పోతే కొన్నేళ్లకు ఆ రకమే స్థిరపడుతుంది. గుంటూరు పక్కన లాం పరిశోధన క్షేత్రంలో శాస్త్రజ్ఞులు ఇటువంటి ఎంపికతోనూ, ఒక రకాన్ని మరొకదానితో కలిపీ కొత్త మిరప రకాలను తీశారు. కుక్కల విషయంలోనూ అదే జరిగింది. ప్రతి ఈతలోనూ చిన్నవాటిని ఎంచి, చిన్నవాటితోనే జతకట్టించారు. ఈనాడు లోకమంతా పొమరేనియన్ అంటున్న కుక్క బరువు ఒకటిన్నర కిలో నుంచి మూడు కిలోల వరకే. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు మూడే కుక్కలు ప్రాణాలతో బయటపడ్డాయి. అందులో రెండు పొమరేనియన్లు. చిన్నవి కావడం వల్ల ప్రయాణికులు వాటిని చేతుల్లో పట్టుకుని పడవల్లోకి ఎక్కగలిగారు.

ఇంతకూ మన దూది సంగతేమిటి? తెల్లదొరల కాలంలో ఈ స్పిట్జ్ కుక్కలు మన దేశానికి కూడా వచ్చాయి. ఇక్కడి ఎండలకు తట్టుకున్నవి మిగిలాయి, పిల్లలను పెట్టాయి. ఇండియాలో తరతరాలుగా పెరిగి ఇవి ఒక ప్రత్యేకమైన జాతి అయ్యాయి. దీని అసలు పేరు ఇండియన్ స్పిట్జ్. ఇందులో చిన్నరకం ఐదు నుంచి ఏడు కిలోలు, పెద్దరకం పన్నెండు నుంచి ఇరవై కిలోలు తూగుతుంది. పొమరేనియన్ ఎర్రనివి, నల్లనివి, గోధుమరంగువి ఎన్నో రంగుల్లో ఉంటాయి. మన స్పిట్జ్ మాత్రం ఎక్కువగా తెలుపే. కాని జనం నోట పాత పేరే నిలిచిపోయింది. ఒకప్పుడు విదేశీ కుక్కలు తేలికగా దొరకని కాలంలో ఊరూరా ఇదే ముద్దుల కుక్క. 1994లో వచ్చిన "హమ్ ఆప్కే హై కౌన్" అనే హిందీ సినిమాలో టఫీ అనే తెల్లకుక్క ఉన్నది. అది కూడా ఈ జాతిదే. ఆ సినిమా "ప్రేమాలయం" పేరుతో తెలుగులో కూడా ఆడింది. మీ అమ్మానాన్నలను అడిగి చూడండి. తరువాత 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్ అనే ముడతల మూతి కుక్క కనబడింది. అందరికీ పగ్ కావలసి వచ్చింది. మోజు మారినప్పుడల్లా పాత మోజుకు గుర్తుగా కొన్ని కుక్కలు వీధిలో పడటం కూడా అప్పటినుంచీ చూస్తున్నదే.

నేను తెలుసుకున్నదంతా మనుమరాలికి బొమ్మలు గీసి మరీ చెప్పాను. అది శ్రద్ధగా విని, "అయితే దూది పొమరేనియన్ కాదన్నమాటేగా? నేనడిగింది అది కాదు తాతయ్యా," అన్నది. నిజమే, దాని ప్రశ్నకు నేను ఇంకా జవాబు చెప్పలేదు.

జవాబు వంటింట్లో నుంచి వచ్చింది. మా ఆవిడ కూర తరుగుతూ, "ఏమే, ధర్మరాజు స్వర్గానికి పోయేటప్పుడు వెంట వచ్చిన కుక్క ఏ జాతిదో మీ తాతయ్యను చెప్పమను," అన్నది.

మీకు ఆ కథ తెలుసు. తమ్ములూ ద్రౌపదీ దారిలో పడిపోగా, చివరిదాకా ధర్మరాజు వెంట నడిచినది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమన్నాడు. నమ్మి వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గం వద్దన్నాడు ధర్మరాజు. ఆ కుక్కను గురించి ఆయన జాతి అడగలేదు, తూకం వేయలేదు. నమ్మి వచ్చిందా లేదా అన్నదొకటే చూశాడు.

"వదలము," అని మనుమరాలికి చెప్పాను. అది అక్కడనుంచి పరుగెత్తి పోయి దూది చెవిలో ఏదో చెప్పి వచ్చింది.

దూది గుణం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. ఈ జాతికి చెవులు చురుకు, నోరు మరీ చురుకు. పోస్టుమాను వీధి మలుపు తిరగకముందే మాకు తెలిసిపోతుంది. కొత్తవారిని చూస్తే మొరిగి మొరిగి, మనం "ఊరుకో" అన్నాక, ఇంకొక్కసారి మొరిగి గాని ఊరుకోదు. ఆఖరి మాట ఎప్పుడూ దానిదే. ఇంట్లో అందరినీ ఇష్టపడుతుంది గాని, ఒకరిని ప్రాణంగా ఎంచుకుంటుంది. మనుమరాలు ఎంచుకుంటుందనుకుంటే, అది ఎంచుకున్నది మా ఆవిడను! కుక్క వంటింట్లోకి వస్తే తాను బయటికి పోతానన్న మనిషి కొంగు పట్టుకుని తిరిగింది. నెల తిరిగేసరికి ఆ మనిషే పెరుగన్నం కలిపి, "ఏదీ నా తల్లి?" అని వెతకసాగింది.

మా ఊళ్లో దానికి శత్రువు ఒక్కటే. మిరప ఘాటు. కాయలు తొక్కి బస్తాలు నింపే రోజుల్లో వీధి చివర గాలి తిరిగితే చాలు, దూది పది తుమ్ములు తుమ్మి మంచం కింద దూరుతుంది. మనకు మంట పుట్టించే మిరప సారమే కుక్కకూ మంట పుట్టిస్తుంది. పైగా వాసన పట్టడంలో దాని ముక్కు మనకంటే ఎన్నో రెట్లు గొప్పది. రామచిలుక మాత్రం మిరపపండును హాయిగా తింటుంది. పక్షులకు ఆ మంట తెలియదు. ఒకే కాయ ఒకరికి మంట, మరొకరికి మామూలు తిండి. ప్రకృతిలో ఇటువంటి చిత్రాలు ఎన్నో.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పిల్లల తప్పులు దిద్దినవాడు తన తప్పును దాచుకోకూడదు.

ఆ ఏడు ఏప్రిల్ నెలలోనే ఎండలు మండిపోయాయి. మా వైపు ఎండల మాట వస్తే రెంటచింతల పేరు ముందు చెప్పుకుంటారు. మా ఊరు దానికేమీ తీసిపోనన్నట్లు ఉన్నది. దూది నాలుక బయటపెట్టి రొప్పుతూ ఉంటే నాకు జాలి వేసింది. ఇంత బొచ్చు కప్పుకుని ఎట్లా ఓర్చుకుంటుంది, మనం కంబళి తీసేసినట్లు దీనికీ తీసేస్తే చల్లగా ఉంటుంది గదా అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. హెడ్మాస్టరుకు ఒకరిని అడిగే అలవాటు తక్కువ. క్షౌరం చేసే అతన్ని పిలిపించి, చర్మం కనబడేదాకా బొచ్చు కత్తిరింపించాను. దూది బొచ్చు తీసిన కోడిపిల్లలాగా తయారైంది. మనుమరాలు ఏడ్చింది. "పిచ్చిదానా, ఇప్పుడెంత హాయిగా ఉంటుందో చూడు," అన్నాను.

రెండు రోజుల తరువాత పొద్దున పదిగంటలకు మా కల్లంలో ఆఖరి తాలుకాయలు ఏరుతున్నారు. చూసి వద్దామని బయలుదేరాను. దూది వెంటబడింది. రానిచ్చాను. తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. దారిలో నీడ లేదు. నా కాళ్లకు చెప్పులున్నాయి, దానికి లేవు. నా తలకు తువాలు ఉన్నది, దాని వీపున ఏమీ లేదు. ఊరు ఇంకా కొంత దూరం ఉన్నదనగా అది తూలింది. నోట చొంగ కారుతున్నది. చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగాయి. పిలిస్తే చూడలేదు. ఎత్తుకుంటే ఒళ్లు కాలుతున్నది. బోరు దగ్గర ఉన్న రైతు ఒకరు చూసి గొట్టం ఇటు తిప్పి, దాని ఒంటి మీద నీళ్లు పట్టారు. అక్కడినుంచి ఆటోలో పశువైద్యశాలకు తీసుకుపోయాము. డాక్టరు గారు ఉష్ణమాపకం పెట్టి చూస్తే 106 డిగ్రీలు!

ఆయన తడి గుడ్డలు వేయించి, ఫ్యాను కింద పడుకోబెట్టి, సెలైను ఎక్కించారు. రెండు గంటల తరువాత దూది తల ఎత్తింది. అప్పుడాయన నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. నేను చేతులు కట్టుకుని విన్నాను. ఆ పాఠం మీకూ చెబుతాను.

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు అట్లా చెమట పట్టదు. అరికాళ్ల మెత్తల్లో మాత్రం కొద్దిగా పడుతుంది. అది చల్లబడేది ముఖ్యంగా రొప్పటం వల్లనే. మామూలుగా నిమిషానికి ఇరవై సార్లో ముప్పై సార్లో తీసే ఊపిరి, రొప్పేటప్పుడు వంద దాటి రెండు వందలు కూడా దాటుతుంది. ఆ గాలికి నోటిలోని తడి ఆరి, ఒంటి వేడి తగ్గుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. 104 దాటితే ప్రమాదం మొదలైనట్లే. ఇక బొచ్చు సంగతి. పై బొచ్చు ఎండను చర్మానికి తగలకుండా ఆపే గొడుగు. దూదివంటి తెల్లకుక్కకు చర్మం లేత గులాబి రంగుగా ఉంటుంది. గొడుగు తీసేస్తే ఆ చర్మం కమిలిపోతుంది. వేసవిలో చేయవలసినది కత్తిరించటం కాదు, దువ్వటం. ఊడిపోయిన లోపలి నూగును దువ్వెనతో తీసివేస్తే గాలి ఆడుతుంది. పైగా ఈ జాతి కుక్కలకు మొదలంటా కత్తిరించిన బొచ్చు ఒక్కొక్కప్పుడు నెలల తరబడి మొలవదు.

దూదికి బొచ్చు నిండుగా రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పొడుగునా దాన్ని చూసినప్పుడల్లా నాకు నా తెలివితక్కువతనం గుర్తుకు వచ్చేది. ఆశ్చర్యం ఏమిటంటే, కత్తిరింపించినదీ నేనే, ఎండలో నడిపించినదీ నేనే అయినా, ఆనాడు ఆసుపత్రిలో తల ఎత్తగానే అది నా చేయి నాకింది.

కుక్కను పెంచే పిల్లలు, వారి తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క నెత్తురును పాడుచేస్తాయి. కాబట్టి మిగిలిపోయిన పులుసు అన్నం దానికి పెట్టకండి. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్, చాక్లెట్లు కూడా దానికి విషమే. ఇటువంటి చిన్నకుక్కకు మెడపట్టీ కట్టి లాగితే లోపలి గాలిగొట్టం నలుగుతుంది. రొమ్ము చుట్టూ వేసే పట్టీ మంచిది. అన్నిటికంటే ముఖ్యమైనది పిచ్చికుక్క వ్యాధికి టీకా. పిల్లకు మూడో నెలలో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. ఏ కుక్క కరిచినా, గీరినా దాచిపెట్టవద్దు. దెబ్బను కుళాయి కింద పెట్టి పావుగంట సేపు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. 1885లో ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవానికి మొదటిసారి ఈ టీకా వేసి బ్రతికించాడు. వ్యాధి లక్షణాలు కనబడిన తరువాత మాత్రం ఈనాటికీ బ్రతికించే మందు లేదని చెప్పవచ్చు. పసరు మందులనీ మంత్రాలనీ కాలం పోగొట్టవద్దు.

2023 వేసవిలో నా పాత విద్యార్థి మళ్లీ వచ్చాడు. ఈసారి తన చిన్న కొడుకును కూడా తీసుకువచ్చాడు. దూది అలవాటు చొప్పున గుమ్మం దాకా ఉరికి మొరిగింది. ఉన్నట్టుండి ఆగింది. అతని కాళ్లు వాసన చూసింది. సన్నగా మూలుగుతూ అతని చుట్టూ తిరిగి తిరిగి, చివరకు పాదాల మీద తల పెట్టి పడుకున్నది. నాలుగేళ్లు దాటినా అది అతన్ని మరచిపోలేదు. వదిలినందుకు కోపం కూడా పెట్టుకోలేదు. అతను నేల మీద కూలబడి, దాని వీపు నిమురుతూ చాలాసేపు మాట్లాడలేదు.

మా మనుమరాలు గుమ్మం పక్కన నిలబడి దూది పట్టీని గట్టిగా పట్టుకున్నది. తీసుకుపోతాడేమోనని దాని భయం. అతను అది గమనించాడు. "భయపడకమ్మా. అడిగే హక్కు నాకు లేదు," అన్నాడు. కొడుకు చేత దూదికి ఇన్ని పెరుగన్నం పెట్టించి, వాడికి అంతా దాచకుండా చెప్పాడు. తాను తప్పుచేశానని కొడుకు ముందు ఒప్పుకున్న ఆ కుర్రవాణ్ణి చూసి నేను మనసులో మెచ్చుకున్నాను.

పెంచుకున్న జంతువును ఆకలిదప్పుల పాలుచేసి వదిలిపెట్టడం మన దేశంలో నేరం కూడాను. జంతుహింస నివారణకు 1960లో చేసిన చట్టంలో ఆ మాట రాసి ఉన్నది. అయితే చట్టానికి భయపడి కాదు, మరొక కారణం చేత ఆలోచించండి. ఒకప్పుడు తోడేలు వంశంలో నుంచి మనిషి దగ్గరికి చేరిన జంతువు కుక్క. దాన్ని బండి లాగించడానికి పెద్దది చేసినదీ మనిషే, ఒళ్లో పెట్టుకోవడానికి చిన్నది చేసినదీ మనిషే. ఒంటరిగా అడవిలో బ్రతికే శక్తి దూదివంటి కుక్కకు లేదు. దాని రూపం మన ముచ్చట కోసం మనం దిద్దుకున్నది. కనుక దాన్ని పోషించవలసిన పూచీ కూడా మనదే.

కుక్కపిల్ల కావాలని మీరు ఇంట్లో అడిగే ముందు ఒక చిన్న లెక్క చేయండి. ఈ జాతి కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బ్రతుకుతుంది. మీరు మూడో తరగతిలో తెచ్చుకున్న పిల్ల, మీరు కాలేజీ చదువు ముగించేదాకా మీ ఇంట్లో ఉంటుంది. అన్నేళ్లూ రోజూ దువ్వాలి, నీళ్లు పెట్టాలి, తిప్పాలి. పరీక్షలున్నా, పండుగలున్నా, ఊరు మారినా తప్పదు. ఆ లెక్కకు మీ అమ్మా నాన్నా మీరూ కలిసి "సరే" అనగలిగితేనే తెచ్చుకోండి. తెచ్చుకున్న తరువాత అది పెద్దదయినా, చిన్నదయినా, దాని పేరు మరొకటని తెలిసినా, అది మీదే.

మా మనుమరాలు ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. దూదికి ఏడేళ్లు దాటాయి. మూతి దగ్గర బొచ్చు పలచబడింది, పరుగు కాస్త తగ్గింది. మొరుగుడు మాత్రం తగ్గలేదు. వీధిలో ఎవరైనా పిల్లలు ఆగి, "మాస్టారూ, ఇది పొమరేనియనా అండీ?" అని అడుగుతూ ఉంటారు. ఇండియన్ స్పిట్జ్ అని చెప్పి, చెవులూ తోకా చూపించి, తీరిక ఉంటే రాణుల కథ కూడా చెబుతాను. తీరిక లేనప్పుడు, "ఇది మా దూది," అంటాను.